ఒళ్లు మనదే, మరి నేల?

(స్వేచ్ఛావాద చరిత్ర: 5వ భాగం)

మనిషి తన ఒంటికి తానే యజమాని. తన రెక్కల కష్టంతో సంపాదించుకున్నది తనకే చెందుతుంది. లిబర్టేరియన్లుగా పేరుపడ్డ స్వేచ్ఛావాదులందరూ ఒప్పుకునే మాటలివి. ఆ మనిషి సమ్మతి లేకుండా అతని మీద గానీ, అతని సంపాదన మీద గానీ చెయ్యి వేసే అధికారం రాజుకూ లేదు, పార్లమెంటుకూ లేదు, ఇరుగుపొరుగుకూ లేదన్నది వాళ్ల వాదానికి ఆయువుపట్టు. అయితే కుండ చేసిన కుమ్మరి కనబడతాడు, బట్ట నేసిన నేతగాడు కనబడతాడు. నేలను చేసినవాడు మాత్రం ఎక్కడా కనబడడు. కష్టం నుంచే హక్కు పుడుతుందంటే, ఎవరి కష్టంతోనూ పుట్టని నేల మీద హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? మూడున్నర శతాబ్దాలకు పైగా ఈ ఆలోచనాధారలో వచ్చిన పెద్ద చీలికలు చాలావరకు ఈ ప్రశ్న దగ్గర వచ్చినవే.

ఒంటి మీద హక్కును మొదట సూటిగా చెప్పినవాళ్లలో రిచర్డ్ ఓవర్టన్ ఒకడు. ఇంగ్లండు అంతర్యుద్ధపు రోజుల్లో లండన్‌లో దొంగచాటుగా కరపత్రాలు అచ్చువేసిన మనిషి. ప్రభువుల సభను ధిక్కరించాడని 1646 ఆగస్టులో అతన్ని న్యూగేట్ జైల్లో పెట్టారు. అక్టోబరుకల్లా ఆ జైల్లోంచే ‘నిరంకుశులందరి మీదికి ఒక బాణం’ అనే కరపత్రం బయటికి వచ్చింది. ప్రకృతి ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఒక సొత్తు ఇచ్చింది, ఆ సొత్తు అతనే, దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదని దాని సారాంశం. ప్రభువుల సభ దీనికి జవాబు రాయించలేదు. 1647 జనవరిలో ఓవర్టన్ భార్య మేరీని, చంటిబిడ్డతో సహా, వీధుల వెంట ఈడ్చుకుపోయి బ్రైడ్‌వెల్ చెరసాలలో వేసింది.

ఓవర్టన్ వర్గానికి లెవెలర్లని పేరు. 1647 అక్టోబరు చివర్లో పట్నీ చర్చిలో సైన్యం జరిపిన చర్చల్లో ఓటు హక్కు మీద మాట వచ్చింది. ఎంత బీదవాడైనా తన సమ్మతి లేని ప్రభుత్వానికి కట్టుబడి ఉండనక్కర్లేదని లెవెలర్ల వైపు నుంచి కల్నల్ రెయిన్స్‌బరో వాదించాడు. సేనాని క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్‌టన్ అడ్డుతగిలాడు. మనిషిగా పుట్టినంత మాత్రాన హక్కు వస్తుందంటే, అదే తర్కంతో రేపు ఎవడో వచ్చి మీ పొలం మీద కూడా హక్కు అడుగుతాడు, అప్పుడేం చేస్తారని అతని ప్రశ్న. సంపన్నుడి గాభరాగా దీన్ని కొట్టిపారేయడం తేలికే గానీ, తర్కంలో ఐర్‌టన్ తప్పేమీ మాట్లాడలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ ‘ఎవడో’ రానే వచ్చాడు. 1649 ఏప్రిల్‌లో జెరార్డ్ విన్‌స్టన్లీ అనే చితికిపోయిన బట్టల వర్తకుడు, గుప్పెడు మందిని వెంటబెట్టుకుని సర్రే జిల్లాలోని సెయింట్ జార్జ్ కొండ మీద బంజరు తవ్వి పార్స్‌నిప్ దుంపలు, క్యారెట్లు, చిక్కుళ్లు వేశాడు. నేల అందరి ఉమ్మడి ఖజానా అన్నాడు. చుట్టుపక్కల భూస్వాములు పైర్లు తొక్కించి, కొట్టించి, ఆగస్టుకల్లా వాళ్లను అక్కడి నుంచి తరిమేశారు. అదే ఏప్రిల్‌లో లండన్ టవర్‌లో బందీలుగా ఉన్న లెవెలర్ నాయకులు, ఓవర్టన్‌తో సహా, ఆస్తులను సమానంగా పంచాలన్నది తమ ఉద్దేశం కానే కాదని ప్రకటన రాసిచ్చారు. ఒళ్లు మనదన్నవాళ్లూ, నేల అందరిదన్నవాళ్లూ ఇలా తొలిరోజుల్లోనే విడిపోయారు.

ఈ రెంటినీ కలిపి కుట్టడానికి గట్టి ప్రయత్నం చేసినవాడు జాన్ లాక్. 1689 చివర్లో పేరు లేకుండా వెలువడిన ‘ప్రభుత్వంపై రెండు గ్రంథాలు’లో మొదటిది సర్ రాబర్ట్ ఫిల్మర్‌కు జవాబు. దేవుడు భూమినంతా ఆదాముకు రాసిచ్చాడు, రాజులు ఆదాముకు వారసులు, కాబట్టి నేలంతా మూలంలో రాజుదేనని ఫిల్మర్ వాదం. దాన్ని పడగొట్టాలంటే దేవుడు భూమిని అందరికీ ఉమ్మడిగా ఇచ్చాడనాలి. అలా అన్న మరుక్షణం ఇంకో చిక్కు వస్తుంది. ఉమ్మడి సొత్తులోంచి ఒకడు తన వాటా తీసుకోవాలంటే మిగతా అందరినీ అడగాలి కదా? అందరి అనుమతీ వచ్చేదాకా ఆగితే ఆకలితో చస్తాడు.

ఆ చిక్కును రెండో గ్రంథంలోని ఐదో అధ్యాయంలో లాక్ విప్పాడు. మనిషి ఒళ్లు అతని సొంతం. ఆ ఒంటి శ్రమా అతని సొంతమే. చెట్టు కింద రాలిన కాయను ఏరుకున్నప్పుడు, బీడును చదును చేసి దున్నినప్పుడు, తన సొంతమైనదాన్ని అతను ఆ వస్తువులో కలుపుతున్నాడు. ఆ కలయికతో అది ఉమ్మడిలోంచి విడివడి అతనిదవుతుంది. దీనికి లాక్ రెండు హద్దులు పెట్టాడు. తీసుకున్నది చేతిలో కుళ్లిపోకూడదు. వెనక వచ్చేవాళ్లకు అంతే మంచిది, సరిపడా మిగలాలి. ఈ రెండో షరతు మీద ఆ తర్వాత జరిగినంత వాదులాట ఆ పుస్తకంలో మరే మాట మీదా జరగలేదు.

అధ్యాయాన్ని దగ్గరగా చూస్తే కుట్లు కనబడతాయి. ఉమ్మడి నేలలో ఏమేమి తనవవుతాయో చెబుతూ లాక్ మూడు ఉదాహరణలు ఇస్తాడు: తన గుర్రం మేసిన గడ్డి, తన పనివాడు కోసిన మట్టిగడ్డ, తాను తవ్విన ఖనిజం. మధ్యలోది ఎలా వచ్చింది? గడ్డ కోసినవాడు పనివాడైతే, కష్టం అతనిది. సొత్తు మాత్రం యజమానిదయింది. కూలి మాట్లాడుకున్నాక శ్రమ కూడా చేతులు మారుతుందని లాక్ ఉద్దేశం కావచ్చు. కానీ ఎవరి చెమట చిందిందో నేల వారిదన్న సూత్రానికి అక్కడే మొదటి కన్నం పడింది. రెండో కన్నం డబ్బు వల్ల పడింది. బంగారం కుళ్లదు కాబట్టి, మనుషులు డబ్బు చలామణికి ఒప్పుకున్నాక ఎంత పొలమైనా కూడబెట్టుకోవచ్చని లాక్ మొదటి హద్దును తనే సడలించాడు.

మూడోది అమెరికా. సాగులో లేని ఖాళీ నేలకు లాక్ మాటిమాటికీ చూపే ఉదాహరణ అదే. అక్కడ పెద్ద రాజ్యమున్న ఆదివాసీ రాజు కూడా ఇంగ్లండులోని రోజుకూలీ కంటే హీనంగా తిని, కట్టుకుని బతుకుతాడని రాశాడు. ఇది ఊరికే తోచిన ఉపమానం కాదు. కరొలైనా వలసకు యజమానులైన ప్రభువుల దగ్గర లాక్ కార్యదర్శిగా పనిచేశాడు. 1669 నాటి కరొలైనా రాజ్యాంగ ముసాయిదాలో అతని చెయ్యి ఉంది. నీగ్రో బానిసల మీద ప్రతి స్వతంత్రుడికీ సంపూర్ణ అధికారం ఉంటుందని ఆ పత్రం చెబుతుంది. బానిస వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో అతను వాటాలూ కొన్నాడు. మనిషి తనకు తానే సొంతమని అధ్యాయం రాసిన చెయ్యీ అదే.

వెనకవాళ్లకు సరిపడా మిగలాలన్న షరతు ఇంగ్లండులో నిజంగా నెరవేరిందా అని అడగడానికి ఇంకో వందేళ్లు పట్టింది. న్యూకాసిల్ బడిపంతులు థామస్ స్పెన్స్ 1775లో ఊరి నేలంతా ఊరి ఉమ్మడి సొత్తుగా ఉండాలి, దాన్ని కౌలుకిచ్చి వచ్చినది అందరూ పంచుకోవాలి అని ఉపన్యసించి తన పండితసభ నుంచి వెలి అయ్యాడు. థామస్ పెయిన్ 1797లో మెత్తటి దారి వెతికాడు. సాగు వల్ల పెరిగిన విలువ రైతుదే, మట్టి విలువ మాత్రం అందరిదీ. కాబట్టి వారసత్వపు ఆస్తుల మీద పన్ను వేసి, 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ 15 పౌండ్లు, 50 దాటినవాళ్లకు ఏటా 10 పౌండ్లు ఇవ్వాలన్నాడు. ఇది దానం కాదు, పోయిన వాటాకు పరిహారం అని గట్టిగా చెప్పాడు.

ఒంటి మీద హక్కు ఎంత బరువైనదో పుస్తకాల్లో కన్నా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బాగా తెలిసింది. ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస బాల్టిమోర్ రేవులో ఓడల సందుల్లో నార కుక్కి, తారు పూసే పనివాడు. రోజుకు డాలరున్నర కూలి. పని మాట్లాడుకున్నది అతను, చేసినది అతను, కూలి చేతికి తీసుకున్నదీ అతనే. శనివారం సాయంత్రం మొత్తం తీసుకెళ్లి యజమాని హ్యూ ఆల్డ్ ముందు పెట్టాలి. ఆల్డ్ లెక్కపెట్టుకుని, ఇంతేనా అని అడిగేవాడు. ఆరు డాలర్లు తెచ్చిన రోజున అప్పుడప్పుడు ఉత్సాహపరచడానికి ఆరు సెంట్లు వెనక్కిచ్చేవాడు. ఆ ఆరు సెంట్లు తనను ఇంకా మండించాయని డగ్లస్ 1845లో వెలువడిన ఆత్మకథలో రాశాడు. కొంతైనా ఇస్తున్నాడంటే, అదంతా తనదేనని ఆల్డ్‌కు లోపల తెలుసన్నమాట. 1838 సెప్టెంబరు 3న డగ్లస్ పారిపోయాడు. చట్టం దృష్టిలో అతను తనను తానే దొంగిలించుకున్నాడు.

1846లో ఇంగ్లండులోని స్నేహితులు 150 పౌండ్లు చందా పోగేసి అతనికి విముక్తి పత్రం కొన్నారు. డబ్బిచ్చి కొనడమంటే యజమాని హక్కును ఒప్పుకున్నట్టేనని బానిసత్వ వ్యతిరేకులే కొందరు విరుచుకుపడ్డారు. దారిదోపిడీగాడికి పర్సు ఇచ్చినంత మాత్రాన పర్సు వాడిదైపోదు గనుక ఈ విమర్శ నిలబడేది కాదు. అయినా సొత్తు వాదాన్ని ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నవాళ్లో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ వాదం నేల మీదికి దిగింది 1865 జనవరి 12న, జార్జియాలోని సవానా నగరంలో. ఉత్తరాది సైన్యాధిపతి షెర్మన్ 20 మంది నల్లజాతి మతపెద్దలను పిలిచి, విడుదలైన మీవాళ్లకు ఏం కావాలని అడిగించాడు. వాళ్ల తరఫున మాట్లాడినది 67 ఏళ్ల గారిసన్ ఫ్రేజియర్. 1857లో వెయ్యి డాలర్లు వెండి బంగారాల్లో చెల్లించి తననూ, తన భార్యనూ కొనుక్కున్న మనిషి. నేల ఇప్పించండి, మా కష్టంతో దున్నుకుంటాం, ఆపైన మేమే కొనుక్కుంటాం అని ఆయన సమాధానం. నాలుగు రోజుల తర్వాత షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. చార్లెస్టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరభూముల్లో కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచారు. సుమారు 40,000 మంది, 4 లక్షల ఎకరాలు. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ చాలావరకు పాత యజమానులకే తిప్పి ఇప్పించాడు. ఒళ్లు చేతికి వచ్చింది, నేల రాలేదు. పాత తోటల్లోనే పాలికాపులుగా వాళ్లు మళ్లీ పనిలోకి దిగారు.

19వ శతాబ్దపు స్వేచ్ఛావాదులకు పెద్దదిక్కు హెర్బర్ట్ స్పెన్సర్. అతని మొదటి పుస్తకం ‘సోషల్ స్టాటిక్స్’ మీద అచ్చైన సంవత్సరం 1851. ఇతరుల సమాన స్వేచ్ఛకు భంగం కలిగించనంతవరకు ప్రతివాడూ తనకు నచ్చినట్టు చేయవచ్చన్నది అందులోని మూలసూత్రం. ప్రభుత్వాన్ని పట్టించుకోకుండా ఉండే హక్కు కూడా పౌరుడికి ఉందని అందులో ఒక అధ్యాయమే ఉంది. అదే పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం నేల మీద వ్యక్తి ఆస్తి న్యాయం కాదంటుంది. కొంత నేల కొందరిదైతే, అదే లెక్కన భూగోళమంతా కొందరిదే కావచ్చు. అప్పుడు నేల లేనివాడికి కాలు మోపే చోటే ఉండదు. ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరి దయ. ఉన్న పట్టాలన్నీ వెనక్కి తవ్వితే కత్తితోనో మోసంతోనో మొదలైనవే అని కూడా స్పెన్సర్ రాశాడు. 20వ శతాబ్దంలో అతన్ని తలకెత్తుకున్న చాలామంది ఈ అధ్యాయం ఊసెత్తరు.

దాన్ని వెతికిపట్టుకుని జెండాగా ఎగరేసినవాడు హెన్రీ జార్జ్. ఫిలడెల్ఫియాలో పుట్టి, కాలిఫోర్నియా చేరి అచ్చుపనివాడుగా, పత్రికా రచయితగా బతికిన మనిషి. 1870లో ఒకరోజు ఓక్లండ్ దగ్గరి కొండల్లో స్వారీ చేస్తూ, గుర్రానికి అలుపు తీరడానికి ఆగాడు. దారిన పోయే బండివాణ్ణి మాటవరసకు ఇక్కడ నేల ధరేమిటని అడిగాడు. బండివాడు ఎక్కడో దూరంగా మేస్తున్న ఆవుల వైపు చూపించి, సరిగా తెలీదుగానీ అక్కడ ఒకాయన ఎకరం వెయ్యి డాలర్లకు కొంత అమ్ముతాడట అన్నాడు. అంతకు ముందు ఏడాదే దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు వచ్చింది. ఆ ఆవుల మేతభూమిలో ఎవరూ పలుగు వేయలేదు, ఇటుక పెట్టలేదు. ఊరు పెరిగింది, జనం వచ్చారు, ధర లేచింది. ఊరంతా కలిసి పెంచిన విలువ ఒకాయన పెట్టెలో పడుతోంది.

తొమ్మిదేళ్ల తర్వాత, 1879లో, ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ వచ్చింది. కొన్ని పుటలకు జార్జ్ స్వయంగా అక్షరాలు కూర్చాడు. వాదం లాక్ దగ్గర మొదలై లాక్‌కు ఎదురు తిరుగుతుంది. మనిషి తనవాడు కాబట్టి అతని కూలి, అతని ఇల్లు, అతని సరుకు మీద పైసా పన్ను వేయకూడదు. నేలను ఎవడూ చేయలేదు కాబట్టి దాని అద్దె విలువను మాత్రం సమాజం పన్నుగా తీసుకోవాలి. పట్టాలు లాక్కోనక్కర్లేదు, గట్లు చెరపనక్కర్లేదు; కౌలు ఫలితం తీసుకుంటే చాలు. ఆ ఒక్క పన్నుతో మిగతా పన్నులు, సుంకాలు అన్నీ ఎత్తేయవచ్చు. సోషలిస్టులకు ఇది చాలలేదు, భూస్వాములకు గుండె ఆగినంత పనైంది. 1886లో న్యూయార్క్ మేయరు పదవికి పోటీ చేసి జార్జ్ రెండో స్థానంలో నిలిచాడు. మూడో స్థానం, ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్‌ది. 1897లో మళ్లీ పోటీకి దిగి, పోలింగుకు నాలుగు రోజుల ముందు చనిపోయాడు. అతని శిష్యురాలు లిజీ మేగీ నేల గుత్తాధిపత్యం ఎంత దుర్మార్గమో పిల్లలకు కూడా తెలియాలని ఒక బల్లాట తయారుచేసి 1904లో పేటెంటు పొందింది. అదే చేతులు మారి 1935లో ‘మోనోపొలీ’గా అమ్ముడుపోయింది. మన ఇళ్లలో పిల్లలు ‘బిజినెస్’ పేరుతో ఆడేది దాని వంశమే. అద్దెలు గుంజి అందరినీ దివాళా తీయించినవాడే అందులో గెలుస్తాడు. మేగీ చెప్పదలచింది అలా తలకిందులైంది.

జార్జ్ పేరు మోగేకొద్దీ స్పెన్సర్ ఇబ్బందిలో పడ్డాడు. 1889లో టైమ్స్ పత్రికలో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, తన పాత అధ్యాయం ఏదో ఆదర్శ సమాజం గురించి రాసిందేనన్నాడు. 1892లో పుస్తకాన్ని కుదించి మళ్లీ అచ్చువేసినప్పుడు ఆ అధ్యాయం కనబడలేదు. అదే ఏడాది జార్జ్ ‘ఎ పర్‌ప్లెక్స్‌డ్ ఫిలాసఫర్’ పేరుతో, గురువు పాత మాటనూ కొత్త మాటనూ పక్కపక్కన పెట్టి పుస్తకమంత జవాబు రాశాడు. అందులో కటువు ఎక్కువే. అయినా పాత అధ్యాయంలో ఏ మెట్టు తప్పో స్పెన్సర్ చివరిదాకా చూపించలేకపోయాడు. నేల మీద సమాజానికి మూలహక్కు ఉందని ఒప్పుకుంటూనే, పరిహారం లెక్కవేస్తే గిట్టదన్నాడు. లాభనష్టాల లెక్కతో న్యాయాన్ని తేల్చకూడదని అంతవరకు చెప్పినవాడూ అతనే.

ఇదే కాలంలో బోస్టన్ నుంచి ‘లిబర్టీ’ పత్రిక నడిపిన బెంజమిన్ టక్కర్‌కు ఇద్దరూ నచ్చలేదు. నేలలో ఉంటూ, దాన్ని వాడుకుంటున్నంతకాలమే అది మనిషిది. వదిలేసి కౌలుకు ఇస్తే హక్కు పోతుంది. జార్జ్ పన్ను పద్ధతిలో వందమంది భూస్వాముల బదులు ప్రభుత్వమనే ఒకే భూస్వామి మిగులుతాడని అతని వెక్కిరింత.

20వ శతాబ్దంలో ఈ వాదాన్ని మళ్లీ కట్టినది ఆర్థికవేత్త మరీ రోత్‌బార్డ్. ఒంటి మీద హక్కు, మొదట సాగుచేసినవాడికి నేల, అక్కడి నుంచి ఇష్టపూర్వకంగా చేతులు మారితే కొన్నవాడికి హక్కు. అంతే, షరతులేవీ లేవు. వెనకవాళ్లకు మిగలాలన్న లాక్ షరతును అతను తీసి పక్కన పెట్టాడు. జార్జ్ పన్నును తీవ్రంగా ఖండించాడు. ఇదంతా ఆస్తిపరులకు తీపి కబురులా వినబడుతుంది. కానీ అదే సూత్రాన్ని రోత్‌బార్డ్ గతంలోకి తిప్పినప్పుడు ఫలితం వేరు. 1982 నాటి ‘ది ఎథిక్స్ ఆఫ్ లిబర్టీ’లో అతను చెప్పినదాని ప్రకారం, తోటలను దున్నింది బానిసలు కాబట్టి విడుదలైనప్పుడు ఆ తోటలు వాళ్లకే రావాలి. లాటిన్ అమెరికాలో రాజశాసనంతో దఖలుపడ్డ లక్షల ఎకరాల జమీలు ఆస్తి కావు, దోపిడీ సొమ్ము. తరతరాలుగా సాగుచేస్తున్న రైతే అసలు సొంతదారు. పెట్టుబడిదారీ విధానానికి వీరాభిమాని నోట ‘దున్నేవాడిదే భూమి’ వినబడటం వింతే గానీ, లాక్‌ను అక్షరాలా నమ్మితే ఎవరైనా అక్కడికే వస్తారు.

హార్వర్డ్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ ఈ విషయంలో అంత ధీమాగా లేడు. 1974లో వచ్చిన ‘అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా’లో సంపాదన మీద పన్ను వేయడం వెట్టిచాకిరీతో సమానమని తెగేసి చెప్పినవాడే, నేల దగ్గరకొచ్చేసరికి లాక్‌ను నిలదీశాడు. ఒకడు తన టమాటా రసం డబ్బాను సముద్రంలో పోశాడు. అది నీళ్లంతటా కలిసిపోయింది. ఇప్పుడు సముద్రం అతనిదయిందా, లేక తన రసాన్ని అనవసరంగా పోగొట్టుకున్నాడా? అంగారకుడి మీద కొంత చోటు బాగుచేసిన వ్యోమగామికి ఆ చోటే వస్తుందా, గ్రహమంతా వస్తుందా? చివరికి నోజిక్ లాక్ షరతును పలచన చేసి నిలుపుకున్నాడు: ఒకరు ఆక్రమించడం వల్ల మిగతావాళ్ల స్థితి అంతకు ముందుకన్నా దిగజారకపోతే చాలు. ఆక్స్‌ఫర్డ్‌లో మార్క్సిస్టు తత్వవేత్త జి.ఎ. కోహెన్ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. అంతకు ముందు అంటే దేనికి ముందు? నేల ఎవరిదీ కానప్పటితో పోల్చాలని ఎందుకు, అందరి ఉమ్మడిగా ఉన్నప్పటితో ఎందుకు పోల్చకూడదు? హిల్లెల్ స్టైనర్ వంటి వామపక్ష స్వేచ్ఛావాదులు ఒంటి మీద హక్కును పూర్తిగా ఒప్పుకుంటూనే, భూమండలం మీది సహజ సంపద విలువలో ప్రతి మనిషికీ సమాన వాటా ఉందని 1990లలో వాదించారు. పెయిన్, జార్జ్ అలా తత్వశాస్త్ర శాఖల్లోకి తిరిగొచ్చారు.

స్వేచ్ఛావాదమన్న ముద్ర తగిలించుకోకపోయినా, ఇదే పేచీ తెలుగునాట ఒక మనిషి జీవితమంతా నడిచింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా 1930లలో వెంకటగిరి వంటి జమీల్లో రైతుల తరఫున పోరాడారు. దున్నని జమీందారుకు నేల మీద ఏం హక్కు అన్నది అప్పటి ప్రశ్న. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో అది తీరింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార ఉమ్మడి సేద్యాన్ని లక్ష్యంగా ప్రకటించగానే అదే రంగా ఎదురు తిరిగారు. జమీందారు నుంచి విడిపించుకున్న చెక్కను ఉమ్మడి పేరుతో ప్రభుత్వానికి అప్పగించడానికి రైతు ఒప్పుకోడన్నారు. ఆ ఏడాదే రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షులయ్యారు. మాట మార్చారని కాంగ్రెస్‌వాళ్లు ఎగతాళి చేశారు గానీ, రెండు సందర్భాల్లోనూ ఆయన కొలబద్ద ఒకటే, సొంత సేద్యం. ఇబ్బందల్లా ఆ పార్టీలో చేరిన మహారాజులతోనే. జమీందారీ మీద కత్తికట్టిన రైతు నాయకుడి పక్కన జైపూర్ రాణి కూర్చుంది.

1967 ఎన్నికల్లో స్వతంత్ర 44 లోక్‌సభ స్థానాలు గెలిచింది. అదే ఏడాది ఫిబ్రవరి 27న, రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నేతృత్వంలోని ధర్మాసనం గోలక్‌నాథ్ కేసులో 6–5తో తీర్పు చెప్పింది. పంజాబు భూపరిమితి చట్టం కింద జలంధర్‌లోని ఒక కుటుంబానికి చెందిన నాలుగు వందలకు పైగా ఎకరాలు మిగులుగా తేల్చడంతో వచ్చిన వ్యాజ్యమది. ఆస్తి హక్కుతో సహా ఏ ప్రాథమిక హక్కునూ పార్లమెంటు రాజ్యాంగ సవరణతో కూడా తగ్గించలేదని తీర్పు. అయితే అది ఇకమీదటి సవరణలకే వర్తిస్తుందనడంతో సూత్రం గెలిచింది, గోలక్‌నాథ్ కుటుంబం వ్యాజ్యం ఓడింది. సుబ్బారావు ఏప్రిల్‌లో రాజీనామా చేసి, స్వతంత్రతో సహా ప్రతిపక్షాల అండతో రాష్ట్రపతి పదవికి పోటీ పడి జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. 1973లో కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టింది. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ అధికరణంలోకి మార్చింది. ఆ ప్రకారం చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. చట్టం చేసి తీసుకోవచ్చు. ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం ప్రాథమిక హక్కుల్లోనే ఉండిపోయింది.